ఆఖరి పాటలో ఆడగొంతు

దయ్యాల సంగతి నా దగ్గర ఎత్తకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను నమ్మను. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళని చూస్తే కాస్త చిరాకు కూడా. నా పని అలాంటిది మరి. ఫిల్మ్‌నగర్‌లో ఓ చిన్న స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ని. ఎక్కడైనా అక్కర్లేని చప్పుడు వినిపిస్తే అది ఎందుకొస్తోందో కనిపెట్టి తీసెయ్యడమే నా ఉద్యోగం.

ఒకసారి మా డబ్బింగ్ థియేటర్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని ఒక నటి పని మధ్యలో వదిలేసి బయటికొచ్చేసింది. నిమ్మకాయలు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేను నిచ్చెనెక్కి చూస్తే ఏసీ గొట్టంలో ఊడిపోయిన స్క్రూ ఒకటి గాలికి దొర్లుతోంది. దాన్ని తీసి మేనేజర్ చేతిలో పెట్టి, "ఇవిగోండి మీ గజ్జెలు" అన్నాను. అప్పట్నించీ స్టూడియోలో నన్ను అనుమానాల పద్మ అంటారు. ఆ పేరంటే నాకు కోపమేం లేదు.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది విని మీకు నా మీదే అనుమానం వస్తే తప్పు పట్టను. మీ చోట్లో నేనున్నా అంతే చేసేదాన్ని.

ముందు ఆ ఆల్బమ్ గురించి చెప్పాలి. క్యాసెట్ల రోజుల్లో హైదరాబాద్‌లో నలుగురు కుర్రాళ్ళు కలిసి తెలుగులో రాక్ పాడారు. గట్టి గిటార్లు, గట్టి డ్రమ్స్, మాటలు మాత్రం మనం ఇంట్లో మాట్లాడుకునేవి. ఆల్బమ్ పేరు 'కరెంటు పోయిన సాయంత్రం'. పెద్దగా అమ్ముడుపోలేదు. తీసిన కంపెనీ మూతపడింది, బ్యాండ్ చెదిరిపోయింది. కానీ విన్నవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. నేను తణుకులో ఇంటర్ చదువుతున్నప్పుడు మా పిన్ని కొడుకు తెచ్చిచ్చాడు. తెలుగులో ఇలా కూడా పాడొచ్చా అని నోరు తెరుచుకుని విన్నాను. ఈ లైన్లోకి రావడానికి సగం కారణం ఆ క్యాసెట్టే.

పాడినాయన పేరు మోహన్. రహమత్ నగర్ మనిషి. ఆల్బమ్ పోయాక సినిమాల్లో ట్రాక్ సింగర్ అయ్యారు. అసలు గాయకుడు వచ్చేలోపు పాట ఎలా ఉండాలో చూపించడానికి ఎవరో ఒకరు పాడి పెడతారు, దాన్ని ట్రాక్ అంటాం. అసలు గాయకుడు పాడగానే ఆ గొంతు తీసేస్తాం. మోహన్ గారు ఏళ్ల తరబడి అలా పాడారు. మీరూ నేనూ గుర్తుపెట్టుకున్న ఎన్నో పాటలు మొదట ఆయన గొంతులోనే పుట్టాయి, ఒక్కదాంట్లోనూ ఆయన లేరు. కొన్నేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్లోనే.

ఏటా వేసవిలో ఒక ఆదివారం ఆ ఆల్బమ్ అభిమానులంతా జూబ్లీహిల్స్‌లో ఒక పళ్ళ డాక్టరు గారి మేడ మీద చేరతాం. పొద్దు వాలగానే డాక్టరు గారు కిందికెళ్ళి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి వస్తారు. చాపలు, బజ్జీలు, బ్యాటరీతో నడిచే టేప్ రికార్డర్. ఆల్బమ్ మొదట్నించి చివరిదాకా వింటాం. మధ్యలో ఎవరైనా ఫోన్ తీస్తే పక్కవాళ్ళు ఊరుకోరు. చుట్టూ బంగళాలన్నీ దీపాలతో వెలుగుతుంటే మా ఒక్క మేడ చీకట్లో ఉంటుంది. పక్కింటివాళ్ళు మొదట్లో కంగారు పడ్డారట, ఇప్పుడు అలవాటైపోయింది.

ఆఖరి పాటలో ఒకచోట చిన్న ఖాళీ ఉంది. మోహన్ గారు ఒక లైను పాడి ఆగుతారు. తర్వాతి లైను రావలసినచోట గొంతు ఉండదు, వాయిద్యాలు మాత్రం నడుస్తుంటాయి. ఆ తర్వాత ఆయన మళ్ళీ అందుకుంటారు. ఏ క్యాసెట్టు విన్నా అంతే. కంపెనీవాళ్ళు టేపు పాడుచేశారనే అందరి నమ్మకం. ఆ లైనులో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి, అక్కడికి రాగానే అందరం కలిసి ముందు లైను వరసనే ఈల వేస్తాం. బట్టతలలవాళ్ళు, కళ్ళజోళ్ళవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్ళు, అందరూ ఒక్కసారిగా. నాకు ఈల సరిగ్గా రాదు, అయినా వేసేదాన్ని. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఈ అభిమానుల గుంపుకి పెద్ద శేఖర్ గారు. సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్, ఉండేది యూసుఫ్‌గూడ. గొంతు పెద్దది, మనసు మెత్తన. ఆల్బమ్‌ని శుభ్రం చేసి కొత్తగా ఆన్‌లైన్‌లో విడుదల చేద్దామని ఆయనే పట్టుబట్టారు. అసలు టేపులు కంపెనీతోపాటే పోయాయి. అందుకని తన దగ్గరున్న క్యాసెట్టు తెచ్చి, పసిపిల్లని అప్పగించినట్టు నా చేతుల్లో పెట్టారు. మరికొందరు కూడా తమవి ఇచ్చారు. అన్నింటిలోకీ శేఖర్ గారిదే బాగుంది. దాన్నే కంప్యూటర్లోకి ఎక్కించాను.

పని మొదలుపెట్టాక ఆ ఖాళీ దగ్గర నాకు అనుమానం వచ్చింది. టేపు పాడైతే గొంతు తెగినట్టు ఆగాలి. ఇక్కడ అలా లేదు. మోహన్ గారు లైను పూర్తిచేశారు, గొంతు దానంతటదే తగ్గింది. వెంటనే గిటార్ మెత్తబడింది, డ్రమ్స్ వెనక్కి తగ్గాయి. సినిమా యుగళగీతాల్లో రోజూ చూసేదే ఇది. మగగొంతు ముందు పాడేసి, ఆడగొంతు లైన్లు ఖాళీగా వదిలేస్తారు. ఆవిడ ఇంకో రోజు వచ్చి పాడుతుంది. ఇదీ అలా వదిలిన చోటే. అందరం ఇన్నేళ్ళూ పాడైందనుకుని ఈల వేసింది ఎవరో పాడాల్సిన చోట.

ఆ మాట చెబితే శేఖర్ గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "గట్లెట్ల అంటరు మేడం? టేపు కరాబయిందని అందరికీ ఎరుకే. మీకు అన్నిట్ల అనుమానమే" అన్నారు. సరే, విడుదలకి ఎలాగూ మోహన్ గారి భార్య అనుమతి కావాలి, ఆవిడనే అడుగుదామని ఇద్దరం రహమత్ నగర్ వెళ్ళాం.

ఆవిడ పేరు లలిత. ఒకప్పుడు సినిమాల్లో కోరస్ పాడేవారు. కూతురు సింధు స్కూల్లో ఉండగా గొంతుకి ఆపరేషన్ అయింది. అప్పట్నించీ మాట బొంగురుగా, నెమ్మదిగా వస్తుంది. పాట లేదు. సింధు ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇల్లు చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. గోడ మీద మోహన్ గారి ఫోటో, గిటార్ పట్టుకుని నవ్వుతున్నది.

ఖాళీ గురించి అడిగాను. లలిత గారు గోడ మీది ఫోటో వైపు చూశారు. తర్వాత, "గా లైను నాదే" అన్నారు.

ఆ పాట రికార్డింగ్ ఉన్న రోజే ఆవిడకి ఒక పెద్ద సినిమా కోరస్‌కి పిలుపు వచ్చిందట. కోరస్‌లో ఒకసారి రానంటే మళ్ళీ పిలవరు. ఆ సంగతి ఈ లైన్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. "పో, నీ లైను తర్వాత పాడిద్దామన్నడు. తర్వాత కంపెనోళ్ళు ఆగలే. గట్లనే క్యాసెట్ చేసిన్రు" అన్నారు. ఆ లైను తనకోసమే రాశాడనీ, తామిద్దరికి తప్ప ఎవరికీ తెలియదనీ అన్నారు. అదేమిటని శేఖర్ గారు నోరు జారి అడిగారు. ఆవిడ చెప్పలేదు. శేఖర్ గారు తిరిగొచ్చేటప్పుడు కారులో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

పని పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం లలిత గారిని స్టూడియోకి పిలిచాను. శేఖర్ గారే తీసుకొచ్చారు. టీలు తాగి, ఆల్బమ్ మొదట్నించి పెట్టాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నారు. ఆఖరి పాట వచ్చింది. ఖాళీ వచ్చింది.

ఒక ఆడగొంతు పాడింది.

"కరెంటొచ్చిందని వెళ్ళిపోకు, దీపం ఇంకా ఆరలేదు."

సన్నగా, తొణక్కుండా, గిటార్ తగ్గిన చోట సరిగ్గా కూర్చుంది. తర్వాత మోహన్ గారు ఎప్పట్లాగే అందుకున్నారు. నేను పాట ఆపేశాను. ఒక్క క్షణం తర్వాత నాకు భయం పోయి మంట పుట్టింది. ఎవరో నాతో ఆటలాడుతున్నారు. శేఖర్ గారి వైపు తిరిగి చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కానీ అసలు దెబ్బ లలిత గారికి తగిలింది. ఆవిడ లేచి నిలబడ్డారు. "ఎవరు గామె?" అన్నారు. మేం జవాబు చెప్పేలోపే, "గా మాటలు నాకే చెప్పిండు. ఇంకొకామెతోని పాడిచ్చిండా? శేఖరన్నా, నీకు ఎరుకే ఉంటది, చెప్పు" అని ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆ బొంగురు గొంతుతో అరవబోతే అరుపు రాలేదు. శేఖర్ గారు, "వదినా, మా అమ్మ మీద ఒట్టు, నాకేం తెల్వదు" అంటూనే ఉన్నారు. ఆవిడ చెప్పులేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టాను. ముందు శేఖర్ గారిని అనుమానించాను. ఈ రోజుల్లో ఎవరి గొంతునైనా కంప్యూటర్ చేత పాడించొచ్చు, మా వీధిలోనే ఆ పనిచేసేవాళ్ళున్నారు. ఈయన మోజులో ఎవరిచేతో చేయించి, నేను లేనప్పుడు ఫైల్ మార్చారనుకున్నాను. క్యాసెట్టు నా సొరుగులోనే ఉంది, తాళం నా బ్యాగులో ఉంది. దాన్ని తీసి డెక్‌లో పెట్టి వింటే అందులోనూ ఆడగొంతు ఉంది.

ఇదే క్యాసెట్టుని నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ ఖాళీని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరీ విన్నాను. మొదట ఎక్కించినప్పటి ఫైల్ కాపీ ఒకటి మా ఇంట్లో వేరే హార్డ్ డిస్క్‌లో ఉంది. ఇంటికెళ్ళి విన్నాను. అందులో ఖాళీయే ఉంది. మిగతావాళ్ళ క్యాసెట్లలోనూ ఖాళీయే.

అంటే స్టూడియోలోని ఫైల్‌తోపాటు క్యాసెట్టునీ ఎవరో మార్చారు. సరే, అది సాధ్యమా అని చూశాను. ఉన్నదాని మీద రికార్డు చేస్తే కింది వాయిద్యాలు చెరిగిపోతాయి. అలా కాకుండా కంప్యూటర్లో కలిపి మళ్ళీ క్యాసెట్లోకి ఎక్కిస్తే టేపు నడిచేటప్పుడు వెనకాల వినిపించే బుస రెండింతలవుతుంది, నా చెవికి ఇట్టే దొరుకుతుంది. ఇక్కడ బుస ఒక్కటే. ఆడగొంతు వచ్చినచోటా, రానిచోటా ఒకటే తీరు. ఆ గొంతు ఆ గదిలో, ఆ వాయిద్యాలతోపాటు, ఆ రోజే పాడినట్టుంది. నాకు తెలిసిన ఇద్దరు సీనియర్ ఇంజనీర్లకి ఏమీ చెప్పకుండా వినిపించాను. ఒకేసారి రికార్డు చేసిందేనని ఇద్దరూ అన్నారు.

శేఖర్ గారు స్టూడియోకి నేను లేకుండా వచ్చినట్టు కెమెరాలో లేదు. పాపం అనుకుంటూనే లలిత గారిని కూడా అనుమానించాను. ఆవిడకి తాళాలేవి, మనుషులేరి? ఇక సొరుగు తీయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నిద్రలో లేచి ఏమైనా చేశానా అని మా ఆయన్ని అడిగితే, గుర్రు తప్ప నా నుంచి ఏ చప్పుడూ రాలేదన్నారు.

అలా కొన్నాళ్ళు గడిచాక సింధు ఫోన్ చేసింది. అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని, నాన్న ఫోటో గోడ మీంచి తీసి బీరువాలో పడేసిందని, ఏం జరిగిందో చెప్పడం లేదని ఏడ్చింది. దయ్యమో మోసమో ఏదైనా కానీ, చనిపోయిన మనిషి మీద అంత అపవాదు మా స్టూడియోలో పడింది. ఆ గొంతు ఎవరిదో తేల్చాలి.

ఇక్కడే చిక్కు. అది లలిత గారి గొంతే అయుంటుందా అని నాకు అప్పటికే తట్టింది. కానీ పోల్చి చూడ్డానికి ఆవిడ పాట ఎక్కడుంది? ఆవిడ జీవితమంతా పాడింది కోరస్‌లో, పదిమంది గొంతుల మధ్య. ఆవిడ కూడా తన గొంతుని టేపులో ఒంటరిగా ఎప్పుడూ విని ఉండరు. అందుకే పోల్చుకోలేకపోయారేమో. కంప్యూటర్ చేత పాడించాలన్నా ముందు కొంచెమైనా అసలు గొంతు కావాలి కదా. అది ఎవరి దగ్గరా లేదు.

ఆ గొంతుని ఒంటరిగా విన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఒక్క సింధే. ఆపరేషన్‌కి ముందు చిన్నప్పుడు అమ్మ పాడితే నిద్రపోయిన పిల్ల. నాన్న ఆల్బమ్ శుభ్రం చేశాం, ఒకసారి విని వెళ్ళమని చెప్పి పిలిచాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆఖరి పాట పెట్టి ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆ లైను రాగానే సింధు నవ్వేసింది. "అమ్మ! అమ్మ ఎప్పుడు పాడింది ఆంటీ? నాకెప్పుడూ చెప్పనేలేదు" అంది. ఎలా చెప్పగలవని అడిగాను. మళ్ళీ పెట్టమని, 'దీపం' అనే ముందు వేలెత్తి చూపించింది. అక్కడ చిన్న ఊపిరి వినిపించింది. "నన్ను పడుకోబెట్టేటప్పుడు గిట్లనే తీసేది. నేను చెంప ఆనించి వినేదాన్ని" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. నాకు కూడా ఆగలేదు. అయినా నా బుద్ధి పోనిచ్చుకోక, ఇంట్లో అమ్మ పాడిన రికార్డింగ్ ఏమైనా ఉందా అని అడిగాను. ఒక్కటీ లేదంది.

మరుసటి రోజు పొద్దున్నే తల్లిని వెంటబెట్టుకొచ్చింది. లలిత గారు నా మొహం చూడకుండా కూర్చున్నారు. సింధు ఆవిడ చెయ్యి పట్టుకుని, "అమ్మా, వేరే ఎవ్వరు కాదు. నువ్వే. నా మాట నమ్ము" అంది. ఆవిడ నమ్మలేదు. నేనూ ఆ స్థితిలో నమ్మను. హెడ్‌ఫోన్స్ ఇచ్చి, వాయిద్యాలు వీలైనంత తగ్గించి, ఆ లైను ఒక్కటే మళ్ళీ మళ్ళీ పెట్టాను.

మొదట ఆవిడ తల అడ్డంగా ఊపారు. తర్వాత ఊపడం మానేశారు. ఇంకాసేపటికి తెలియకుండానే ఆవిడ పెదాలు కదిలాయి. 'దీపం' దగ్గర హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఊపిరి తీసుకున్నప్పుడే ఆవిడ ఛాతీ కూడా లేచింది. అది నేను నా కళ్ళతో చూశాను. పెట్టిన ప్రతిసారీ అంతే జరిగింది. ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని, "ఇంకొకామె లేదు. ఏ ఆమె లేదు. నిన్ను అనుమానించిన గదయ్యా" అని పోయిన భర్తతో గొణుక్కున్నారు.

విడుదల సంగతి అడిగాను. ఆ లైనుతో వద్దన్నారు. "నాకోసం వచ్చింది నాకే ఉండనియ్యండి. జనాలకి ఎప్పటిదే ఇయ్యండి" అన్నారు. ఇంట్లో ఉన్న మొదటి కాపీతోనే పని మళ్ళీ చేశాను. ఆల్బమ్ అలాగే విడుదలైంది. పాతవాళ్ళు సంబరపడ్డారు, పుట్టడానికి ముందే వచ్చిన ఆల్బమ్‌ని కొత్త పిల్లలు కూడా వింటున్నారు. అసలు సంగతి శేఖర్ గారికి తెలుసు. అంత పెద్ద నోరున్న మనిషి ఈ ఒక్క విషయం ఎవరికీ చెప్పలేదు. ఆ క్యాసెట్టు కూడా తిరిగి అడక్కుండా లలిత గారికే ఇచ్చేశారు.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. కానీ దీన్ని మాత్రం ఏ లెక్కలోనూ కూర్చోబెట్టలేకపోయాను. ఎవరైనా మోసం చేశారంటే ఎవరో చెప్పలేను, ఎలాగో చెప్పలేను. ఆ రోజు కోరస్ పాడుతూ ఊళ్ళో ఇంకోచోట ఉన్న మనిషి గొంతు ఆ టేపులోకి ఎలా వచ్చింది? ఎప్పుడో వస్తే మేమంతా ఇన్నేళ్ళూ ఎందుకు వినలేదు? నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే వినడానికి సిద్ధంగానే ఉన్నాను, అనుమానంగానే వింటాను.

ఆ రోజు వెళ్ళేముందు లలిత గారు హెడ్‌ఫోన్స్ మరోసారి పెట్టుకున్నారు. విని తీసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, నావైపు తిరిగారు. ఎలా జరిగిందని అడుగుతారేమో, ఏం చెప్పాలా అని భయపడ్డాను. ఆవిడ అది అడగలేదు.

"ఇంత మంచిగ పాడేదాన్నా మేడం నేను?" అన్నారు.

"అవునండీ" అన్నాను.